మొదట చెవి, తర్వాత పేరు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

ఆత్మకూరు దగ్గర బడిలో రెండు, మూడు తరగతుల పిల్లలకు సంగీతం చెప్పబోతున్నానని రాశావు. చాలా సంతోషం. తొలిరోజే బోర్డు మీద స రి గ మ ప ద ని రాయొద్దమ్మా. చెవికి తెలియని శబ్దానికి పేరు చెబితే పిల్లలు ఎక్కాల్లాగా అప్పజెప్పేస్తారు, గొంతులో మాత్రం ఏడు స్వరాలూ ఒకేచోట ఉంటాయి.

మొదటి నెలంతా లయకే ఇవ్వు. వరండాలో నడిపించు, అడుగుకో దెబ్బ, నిమిషానికి 80 నుంచి 90. నువ్వు చప్పట్లు కొడుతూనే ఉంటే నిన్ను చూసి కొడతారు, లయ పట్టుబడిందో లేదో తేలదు. నాలుగు దెబ్బలు కొట్టించి, తర్వాతి నాలుగూ మనసులోనే లెక్కపెట్టించి, మళ్లీ ఎత్తుకోమను. చాలామంది ముందే కొట్టేస్తారు, మౌనంగా ఉండలేక. ఆ నాలుగు లెక్కలూ తల ఊపమంటే సర్దుకుంటుంది. ఉదయగిరి చెక్క గరిటెలు తాళానికి బాగా పనికొస్తాయి. అందరికీ ఇచ్చావంటే గోలే, అయిదుగురికి చాలు. మిగతావాళ్లు తొడమీద వేస్తారు.

మూడు దెబ్బల జతి తకిటకు 'ఉడత', నాలుగు దెబ్బల తకధిమికి 'చిలకలు' అనిపించు. తర్వాత 'కావలి' అనమను. అక్షరాలు మూడే, మాత్రలు, అంటే పలికే కాలం లెక్కలు, నాలుగు. దీర్ఘానికి రెండు మాత్రలన్న సంగతి అక్కడే చేతికి అందుతుంది. ఎనిమిది లెక్కల ఆదితాళం వేళ్లతో అప్పుడే వద్దు, రెండో తరగతి పిల్లల వేళ్లు ఇంకా అంత తేలిగ్గా విడివిడిగా కదలవు. ముందు ఎనిమిది దెబ్బలు. మూడో తరగతిలో దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, నడిమి వేలు, ఆపైన దెబ్బ, విసురు (అరచేయి తిప్పి వేయడం), ఈ జంట రెండుసార్లు.

అసలు చిక్కు స్థాయి దగ్గర, అంటే స్వరం ఎంత సన్నగా, ఎంత బొంగురుగా ఉందన్న దగ్గర వస్తుంది. మన తెలుగులో 'గొంతు పెంచు' అంటే గట్టిగా పాడమనే అర్థం. అందుకే 'పైకి పాడు' అనగానే పిల్లలు అరుస్తారు, తప్పు వాళ్లది కాదు. ఒకే సైజు గాజుగ్లాసులు రెండు తీసుకో. ఒకటి ఖాళీగా ఉంచి, రెండోది ముప్పాతిక వంతు నీళ్లతో నింపు. ఏది ఎక్కువ సన్నగా పలుకుతుందో ముందే చెప్పమను. నీళ్లు ఎక్కువున్నదే అంటారు. గరిటెతో మెల్లగా తట్టి చూపించు. ఖాళీదే హెచ్చు, ఎందుకంటే నీటి బరువు గాజు కదలికను నెమ్మదింపజేస్తుంది. ఇప్పుడు ఖాళీ గ్లాసునే ఒకసారి మెల్లగా, ఒకసారి కాస్త గట్టిగా తట్టు. చప్పుడు పెరిగినా స్థాయి మారలేదని వాళ్లే చెబుతారు. ఆ తర్వాతే 'హెచ్చు, తగ్గు' అన్న మాటలు వాడు, 'పెద్ద, చిన్న' అన్నవి చప్పుడుకే ఉంచు.

శ్రుతి, అంటే స ఎక్కడ నిలపాలన్నది, నీ గొంతుకు కాదు, వాళ్ల గొంతుకు పెట్టు. ఆడవాళ్లు మామూలుగా పాడే అయిదు శ్రుతిలో కింది షడ్జం, అంటే కింది స, చిన్నపిల్లలకు అందదు, గొణుగుతారు. హార్మోనియం మధ్య స్థాయిలో ఒకటో శ్రుతి, అంటే రెండు నల్లమెట్ల జంటకు ఎడమపక్కనున్న తెల్లమెట్టు, వాళ్లకు హాయిగా ఉంటుంది.

స్వరాల్లో మొదట స, ప రెండే. అవి నిలిచాక పై స. ఆ తర్వాత మోహన రాగంలోని అయిదు స్వరాలు. సరళీ వరుసలు, అంటే తొలి స్వరపాఠాలు, మాయామాళవగౌళ రాగంలో మొదలుపెట్టడం మన సంప్రదాయం, అది మంచిదే. కానీ ఆ రాగంలో శుద్ధ రిషభం (రి) షడ్జానికి మరీ దగ్గర, అక్కణ్నించి అంతర గాంధారానికి (గ) పెద్ద అంగ. చెవి కుదరని పిల్ల రిషభాన్ని షడ్జంలో కలిపేస్తుంది. ఒక ఏడాది ఆగితే నష్టం లేదు. త్యాగయ్య పూర్వీకుల ఊరు కాకర్ల మన పక్క ప్రకాశం ప్రాంతంలోదే కదా, ఆయన కృతి ఒకటి వార్షికోత్సవానికి నేర్పమని పెద్దలు అడుగుతారు. ఒప్పుకోకు. గమకాలన్నీ, అంటే స్వరాలను ఊపి పాడే సొగసులన్నీ, చదును చేసి పాడించాల్సి వస్తుంది.

గొంతు కలవని పిల్ల తరగతికొకరైనా ఉంటారు. 'నువ్వు పెదవులు కదుపు చాలు' అని మాత్రం అనకు తల్లీ, ఆ మాట జన్మంతా పోదు. వాళ్లను నీ స్వరానికి లాగే బదులు, వాళ్లు పాడిన స్వరాన్నే నువ్వు అందుకో. రెండు గొంతులూ ఒకటైనప్పుడు ఎలా వినబడుతుందో ఆ పిల్లకు ముందు తెలియాలి. అక్కణ్నించి ఒక్కో మెట్టే, రోజుకు రెండు నిమిషాలు, మిగతా పిల్లలు లేనప్పుడు.

ఇట్లు,
మీ పెద్దమ్మ