ఎద కనిపించగానే సూది వేయిస్తే గేదె ఎందుకు పొర్లుతోంది?

ప్రశ్న: మా ముర్రా గేదె ఒక ఈత ఈనింది. ఎదకు వచ్చినట్లు తెల్లవారుజామున గమనించి వెంటనే ఎద సూది (కృత్రిమ గర్భధారణ) వేయించాను. రెండుసార్లూ పొర్లింది, అంటే చూలు నిలవక మళ్లీ ఎదకు వచ్చింది. అండం చుట్టూ జిగురు పట్టాకే అది విడుదలవుతుందని శిక్షణలో విన్నాను. తీగలు (ఎదలో జారే జిగట స్రావం) బాగానే వేస్తోంది కదా, మరి లోపం ఎక్కడ? జిగురు పట్టడానికి మందు ఉందా?

జవాబు: మీరు చూస్తున్న తీగ వేరు, శిక్షణలో చెప్పిన జిగురు వేరు. తీగ గర్భాశయ ముఖద్వారం దగ్గర ఊరుతుంది. జిగురు అండాశయంలోని పుటికలో, అంటే అండం పెరిగే చిన్న నీటి తిత్తిలో తయారవుతుంది, బయటికి కనిపించదు.

పుటిక నుంచి తీసిన గేదె అండాన్ని సూక్ష్మదర్శిని కింద పెడితే, చుట్టూ చిన్న కణాలు మొక్కజొన్న పొత్తు గింజల్లా ఒత్తుకుని ఉంటాయి. హార్మోన్లు కలిపిన ద్రవంలో 38.5 డిగ్రీల వేడిలో ఉంచి 24 గంటల తరవాత చూస్తే, అవే కణాలు నానబెట్టిన సబ్జా గింజల్లా జిగురులో దూరదూరంగా తేలుతుంటాయి. ఎన్నిసార్లు చూసినా ఆ మార్పు నాకు కొత్తగానే ఉంటుంది.

గేదె ఒంట్లో ఈ పనిని మొదలుపెట్టించేది ఎద సమయంలో పీయూష గ్రంథి నుంచి ఒక్కసారిగా పొంగే ఎల్‌హెచ్ హార్మోను. పుటిక గోడ కణాలు ఆ కబురును అండం చుట్టూ ఉన్న కణాలకు అందిస్తాయి. అవి హయాలురోనన్ అనే పొడవాటి చక్కెర దారాన్ని తయారుచేస్తాయి. దారం ఒక్కటే అయితే నిలవదు. అదే సమయంలో పుటిక చుట్టూ రక్తనాళాలు వదులై, రక్తంలోని ఒక మాంసకృత్తు లోపలికి దిగుతుంది. టీఎస్‌జీ-6 అనే మరో మాంసకృత్తు దాన్ని దారానికి అతికిస్తే, పీటీఎక్స్-3 అనే ఇంకో మాంసకృత్తు దారాలన్నిటినీ కలిపి కట్టేస్తుంది. ఇవి లేని ఆడ ఎలుకల్లో జిగురు చెదిరిపోయి గర్భం నిలవడమే కష్టమైంది. అండవాహిక గరాటు అండాన్ని లోపలికి లాక్కోవడానికి ఈ జిగురే పట్టు.

దీనికంతటికీ గంటలు పడుతుంది. గేదెల్లో ఎద లక్షణాలు తగ్గాక సుమారు 10 నుంచి 14 గంటలకు అండం విడుదలవుతుంది. గడ్డకట్టించిన వీర్యం కరిగాక అంతసేపు ఓపిక పట్టలేదు. మీ గేదె విషయంలో జిగురు సిద్ధమయ్యేలోపే వీర్యకణాలు చనిపోతున్నాయని నా అనుమానం. తెల్లవారుజామున ఎద చూస్తే సాయంత్రం, సాయంత్రం చూస్తే మర్నాటి ఉదయం సూది వేయించండి. అప్పటికీ ఎద తగ్గకపోతే 12 గంటల తేడాతో ఇంకోసారి వేయించండి.

జిగురును నేరుగా పట్టించే మందు లేదు. అండం ఆలస్యంగా విడుదలవుతోందని పరీక్షలో తేలితే పశువైద్యులు ఎద సూదితో పాటు జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోను ఇంజెక్షన్ ఇస్తారు. అది ఎల్‌హెచ్‌ను పొంగిస్తుంది, మిగతా పని శరీరమే చేసుకుంటుంది. దుకాణంలో కొని మీరే వేయకండి.

తీగను అరచేతిలోకి తీసుకుని చూడండి. గాజులా స్వచ్ఛంగా ఉండాలి. తెల్లటి చీము నలకలు కనిపిస్తే ముందు గర్భాశయానికి చికిత్స చేయించాలి, వేళ మార్చినంత మాత్రాన లాభం ఉండదు. ఈసారి ఎద మొదలైన వేళ, తగ్గిన వేళ రెండూ పాక గోడ మీద బొగ్గుతోనైనా రాసి ఉంచండి. డాక్టరు గారు మిమ్మల్ని మొదట అడిగేది అదే.