పైరేట్స్ లాంటి ఓడిపోయే టీమ్‌ని నడపాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: "నాకు 19 ఏళ్ళు. పిట్స్‌బర్గ్‌లోనే పుట్టి పెరిగాను. కాలేజీలో స్టాటిస్టిక్స్ రెండో ఏడు. ఊహ తెలిసినప్పటి నుంచి మా ఊరి బేస్‌బాల్ టీమ్ పైరేట్స్‌కి ఫ్యాన్‌ని. ఏటా ఓడిపోతుంటే చూడలేకపోతున్నాను. ఎప్పటికైనా ఈ టీమ్‌ని నేనే నడపాలని ఉంది. ఇంట్లో చెబితే నవ్వుతున్నారు. ఇది జరిగే పనేనా?"

జవాబు:

జరిగిన పనే తమ్ముడూ, కాబట్టి నవ్వేవాళ్ళని నవ్వనీ. బోస్టన్ రెడ్ సాక్స్ టీమ్ ఆడే ఫెన్వే పార్కుకి కూతవేటు దూరంలో పెరిగిన థియో ఎప్‌స్టీన్, 2002 నవంబర్‌లో అదే రెడ్ సాక్స్‌కి జనరల్ మేనేజర్ అయ్యేనాటికి వయసు 28. రెండేళ్ళు తిరక్కుండానే 2004లో, 86 ఏళ్ళుగా చేతికందని వరల్డ్ సిరీస్, అంటే లీగ్ టైటిల్, గెలిచారు. 2005లో టెక్సస్ రేంజర్స్ జాన్ డేనియల్స్‌కి, టాంపా బే ఆండ్రూ ఫ్రీడ్‌మన్‌కి పగ్గాలు ఇచ్చినప్పుడు వాళ్ళకీ 28 ఏళ్ళే. అందరూ ఇంతవరకే చెబుతారు. ఎప్‌స్టీన్ కాలేజీలో ఉండగానే బాల్టిమోర్ ఓరియోల్స్‌లో ఇంటర్న్‌గా చేరాడనీ, తర్వాత శాన్ డియెగో పాడ్రెస్‌లో ఉద్యోగం చేస్తూనే లా చదివాడనీ, అంటే 28 ఏళ్ళకి అతనికి పదేళ్ళ సర్వీసు ఉందనీ ఎవరూ చెప్పరు. నీకు ఇప్పుడు 19. ఆ లెక్కన ఆలస్యమేమీ కాలేదు, కానీ ఈ ఎండాకాలం నుంచే కదలాలి.

నా సంగతి చెబుతాను. మాది గుంటూరు. ఎమ్మెస్‌కి పిట్స్‌బర్గ్ వచ్చేదాకా బేస్‌బాల్ అంటే ఏమిటో తెలియదు. రూమ్మేట్ లాక్కెళితే పైరేట్స్ ఆడే పీఎన్‌సీ పార్క్‌లో మొదటి మ్యాచ్ చూసి అక్కడే పడిపోయాను. చదువుతుండగా ఒక వేసవి పెన్సిల్వేనియాలోనే ఒక చిన్న ఊరి మైనర్ లీగ్ టీమ్‌లో (పై స్థాయి అయిన మేజర్ లీగ్‌కి ఆటగాళ్ళని తయారుచేసే టీమ్) ఇంటర్న్‌గా చేశాను. టికెట్ల డేటా చూడడం నా పని. ఆ తర్వాత వీసా, లోను, ఇంటి బాధ్యతలు చూసుకుని సాఫ్ట్‌వేర్‌కి వచ్చేశాను. నీకు ఆ వీసా గొడవ లేదు. అది ఎంత పెద్ద వరమో నీకు తెలిసే అవకాశం లేదులే.

ముందు "నడపడం" అంటే ఏ కుర్చీ అన్నది తేల్చుకో. మ్యాచ్ జరుగుతుండగా బంతి విసిరే పిచర్‌ని మార్చేవాడు మేనేజర్. ఆ దారి దాదాపుగా ఆడినవాళ్ళది. ఎవరిని కొనాలి, ఎవరిని అమ్మాలి, డ్రాఫ్ట్‌లో (కొత్త కుర్రాళ్ళని టీమ్‌లు వంతులవారీగా ఎంచుకునే చోట) ఎవరిని తీసుకోవాలి అనేది జనరల్ మేనేజర్ (జీఎం) చూస్తాడు, నువ్వు అంటున్నది ఈ కుర్చీ. ఇద్దరి నెత్తి మీదా ఓనర్ ఉంటాడు, బడ్జెట్ చెప్పేది ఆయన. 2025 ఏప్రిల్‌లో సొంత గడ్డ మీద మొదటి మ్యాచ్ రోజు స్టేడియం పైన విమానం "టీమ్ అమ్మెయ్ బాబ్" అన్న బ్యానర్ ఈడ్చుకుంటూ తిరిగిందే, అది పైరేట్స్ ఓనర్ బాబ్ నటింగ్ గారి గురించి. మే నెలలో ఉద్యోగం పోయింది మాత్రం మేనేజర్ డెరెక్ షెల్టన్‌ది.

ఐపీఎల్‌లో అన్ని టీమ్‌లకీ మొత్తం పర్స్ పరిమితి ఒకటే. మేజర్ లీగ్‌లో అలాంటి కట్టడి లేదు. జీతాల ఖర్చు ఒక గీత దాటితే లగ్జరీ ట్యాక్స్ కట్టాలి, అంతే. 2024 డిసెంబర్‌లో న్యూయార్క్ మెట్స్ ఒక్క హువాన్ సోటోకి 15 ఏళ్ళకి 76.5 కోట్ల డాలర్లు రాసిచ్చింది. పైరేట్స్ 2023లో బ్రయాన్ రెనాల్డ్స్‌తో ఎనిమిదేళ్ళకి చేసుకున్న ఒప్పందం 10 కోట్ల 67 లక్షల చిల్లర. అప్పటికి ఆ క్లబ్ చరిత్రలో అదే అతి పెద్దది. పిండి కొద్దీ రొట్టె. ఆ పిండి ఎంతో నువ్వు నిర్ణయించవు. దీని మీద నీకు ఇప్పుడే కోపం వస్తే, ఆ కుర్చీలో కూర్చున్నాక రోజూ వస్తుంది.

అందుకే పేద టీమ్ జీఎం బతికేది క్యాలెండర్ మీద. ఆటగాడు మేజర్ లీగ్ రోస్టర్‌లో (ఆటగాళ్ళ జాబితాలో) 172 రోజులు ఉంటే ఒక ఏడు సర్వీసు. అలా ఆరేళ్ళు నిండేదాకా అతను ఎక్కడికీ పోలేడు, నిండితే ఎవరు ఎక్కువిస్తే వాళ్ళ దగ్గరికి పోతాడు. 2023 డ్రాఫ్ట్‌లో మొదటి పిక్‌తో తెచ్చుకుని 92 లక్షల డాలర్ల బోనస్ ఇచ్చిన పిచర్ పాల్ స్కీన్స్ గడియారం 2029 సీజన్‌తో ఆగిపోతుంది. 2025లో అతను, ఫీల్డర్ల తప్పుల వల్ల వచ్చినవి తీసేస్తే, తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున రెండు రన్స్ కూడా ఇవ్వలేదు, లెక్క 1.97. ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు ఏకగ్రీవంగా వచ్చింది. అతని ఖాతాలో గెలుపోటములు చూస్తే 10-10. బ్యాటర్లు కొట్టకపోతే ఎంతటి పిచరైనా ఏం చేస్తాడు? ఈ ఒక్క లైను మీద నువ్వు ఎన్ని ప్రశ్నలు వేయగలవో చూడు. ఇంటర్వ్యూల్లో కావలసింది అదే.

ఫ్యాన్‌వి కదా, నీకు ఎక్కడ కష్టమవుతుందో అక్కడికి వస్తాను. 2018 జనవరిలో పైరేట్స్ రెండు రోజుల తేడాలో తన స్టార్లు గెరిట్ కోల్‌ని, ఆండ్రూ మెకచెన్‌ని వేరే టీమ్‌లకి పంపేసింది. ఊరంతా గగ్గోలు. మెకచెన్ అంటే ఆ ఊరికి ఇంట్లో మనిషి. కానీ అతనికి బదులుగా వచ్చినవాళ్ళలో ఒక కుర్రాడు పైన చెప్పిన రెనాల్డ్స్. అదే ఏడు జూలై 31న, ఆటగాళ్ళ బేరాలకి డెడ్‌లైన్ రోజు, పిచర్ క్రిస్ ఆర్చర్ కోసం టాంపా బేకి టైలర్ గ్లాస్‌నౌ, ఆస్టిన్ మెడోస్, ఆ తర్వాత షేన్ బాజ్‌ని ఇచ్చారు. తర్వాత రాణించిన ఆ పేర్లు ఇప్పుడు చదివితే కడుపు తరుక్కుపోతుంది. అయితే చూడు, ఆ జూలైలో టీమ్ వరసగా గెలుస్తూ ఉంది, ఫ్యాన్స్ "ఇప్పుడైనా ఎవరినైనా తీసుకురండి" అని గోల పెట్టారు. జనం ఏడ్చిన బేరం లాభించింది, జనం అడిగిన బేరం ముంచింది. నీకు ప్రాణమైన ఆటగాడిని, అతను బాగా ఆడుతుండగానే అమ్మే కాగితం మీద సంతకం పెట్టగలవా? కాస్త నిజాయితీగా ఆలోచించు. పెట్టలేనంటే ఫ్యాన్‌గా ఉండడమే హాయి, టికెట్ కొనుక్కుని తిట్టొచ్చు కూడా.

రెండో సంగతి, ఒకప్పుడు గెలిపించిన చిట్కాని పట్టుకు వేలాడకూడదు. 1993 నుంచి 2012 దాకా వరసగా 20 లూజింగ్ సీజన్లు చూసిన పైరేట్స్ 2013లో 94 మ్యాచ్‌లు గెలిచింది. ఎలా? ఒకటి, బ్యాటర్ ఎటు కొడతాడో డేటా చూసి ఫీల్డర్లని అటువైపు జరపడం. రెండు, రెండేళ్ళకి కోటీ 70 లక్షల డాలర్లకి క్యాచర్ (బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టేవాడు) రసెల్ మార్టిన్‌ని తేవడం. బ్యాటర్ కొట్టాల్సిన పరిధి అంచున పడ్డ బంతిని, అంపైర్ స్ట్రైక్ (పిచర్‌కి లాభం) అనేలా, గ్లవ్ కదలనివ్వకుండా పట్టుకోవడంలో అతను దిట్ట. ఆ విద్యకి అప్పట్లో మార్కెట్‌లో ధర లేదు, అందుకే ఇంత చవగ్గా వచ్చాడు. అక్టోబర్ 1న సిన్సినాటితో వైల్డ్ కార్డ్ మ్యాచ్ (ఓడితే ఇంటికే) నేను టీవీలో చూశాను. నల్లబట్టల్లో వచ్చిన నలభై వేల మంది "క్వే...టో" అని సాగదీసి ఏడిపిస్తుంటే సిన్సినాటి పిచర్ జానీ క్వేటో చేతిలోంచి బంతి జారి కింద పడింది. తర్వాతి బంతికే మార్టిన్ హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది). మా అపార్ట్‌మెంట్‌లో కింద ఫ్లోర్ వాళ్ళ అరుపులు మాకు వినిపించాయి.

ఇప్పుడు ఆ రెండు చిట్కాల గతేమిటి? ఫీల్డర్లని జరపడం మీద 2023లో ఆంక్షలు పెట్టారు, పిచర్ వెనకుండే సెకండ్ బేస్‌కి చెరో పక్క ఇద్దరేసి ఇన్‌ఫీల్డర్లు (దగ్గర్లో నిలబడే ఫీల్డర్లు) ఉండి తీరాలి. 2026 సీజన్ నుంచి స్ట్రైక్ మీద అంపైర్ నిర్ణయాన్ని కంప్యూటర్‌తో ఛాలెంజ్ చేసే పద్ధతి, కాబట్టి మార్టిన్ గ్లవ్ మాయకీ కొంత గండి పడినట్టే. ఈ ఛాలెంజ్‌లు ఎప్పుడు వాడాలి, ఎవరికి అనుమతివ్వాలి అన్నది ఇప్పుడు అందరికీ కొత్తే. ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్నవాడూ, నువ్వూ ఒకే గీత దగ్గర నిలబడే చోటు బేస్‌బాల్‌లో అరుదుగా దొరుకుతుంది. నేనైతే అక్కడ పని మొదలుపెడతాను.

బయటి నుంచి లోపలికి వెళ్ళినవాళ్ళు చాలామంది ఇలాగే వెళ్ళారు. డాన్ ఫాక్స్ సాఫ్ట్‌వేర్ మనిషి. బేస్‌బాల్ ప్రాస్పెక్టస్ అనే వెబ్‌సైట్‌లో రాసిన విశ్లేషణలు చూసి 2008లో పైరేట్సే పిలిచి ఉద్యోగమిచ్చింది. అక్కడే రాసిన జేమ్స్ క్లిక్ టాంపా బే మీదుగా హ్యూస్టన్ జీఎం అయి 2022లో వరల్డ్ సిరీస్ గెలిచాడు. పాకిస్తానీ మూలాలున్న ఫర్హాన్ జైదీ బర్క్‌లీలో ఎకనామిక్స్ పీహెచ్‌డీ చేస్తూ ఓక్లండ్ టీమ్‌లో కింది స్థాయిలో చేరి, శాన్ ఫ్రాన్సిస్కో జెయంట్స్‌కి పెద్ద తలకాయ అయ్యాడు. 2021లో ఆ టీమ్ 107 మ్యాచ్‌లు గెలిచింది, 2024లో అతన్నే తీసేశారు. అదీ చూసి పెట్టుకో.

డేటా కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. 2015 నుంచి మేజర్ లీగ్‌లో పడ్డ ప్రతి బంతి వేగం, తిరుగుడు, కొట్టిన కోణం అన్నీ బేస్‌బాల్ సావంట్ అనే వెబ్‌సైట్‌లో ఉచితం. పైథాన్, ఎస్‌క్యూఎల్ వస్తే చాలు. స్టాటిస్టిక్స్ కుర్రాడివి, అది నీకు లెక్కలోది కాదు. కానీ అందరూ చేసే పని అంతే కదా. నీకు తేడా తెచ్చేది స్పానిష్. ఆటగాళ్ళలో పెద్ద భాగం డొమినికన్ రిపబ్లిక్, వెనిజులా నుంచి వస్తారు. పదిహేడేళ్ళ పిచర్‌కి "నీ స్లైడర్ బంతి పట్టు ఇలా మార్చు" అని వాడి భాషలో చెప్పగలిగే అనలిస్ట్‌ని ఎవరూ వదులుకోరు. (మనవైపు నుంచీ ఒక ముచ్చట: 2008లో రింకూ సింగ్ (ఇప్పటి క్రికెటర్ కాదు), దినేశ్ పటేల్ అనే ఇద్దరు ఉత్తరాది కుర్రాళ్ళని, అంతకుముందు బేస్‌బాల్ ముట్టుకోనివాళ్ళని, సంతకం చేయించుకున్నది ఈ పైరేట్సే.)

ఇక మైనర్ లీగ్ ఇంటర్న్‌షిప్ గురించి. వెళ్ళు, కానీ ఏ తలుపులోంచి వెళుతున్నావో తెలుసుకుని వెళ్ళు. అనుబంధ మైనర్ లీగ్ టీమ్‌లలో ఆటగాళ్ళు, కోచ్‌లు, వాళ్ళ జీతాలు అన్నీ పైనున్న మేజర్ లీగ్ క్లబ్‌వి. ఊళ్ళో ఉన్న ఆఫీసు చూసేది టికెట్లు, తిండి, స్టేడియం. నేను ఉన్నది ఆ ఆఫీసులో. టీమ్ గెలిచినా ఓడినా టికెట్ల లెక్కలో పెద్ద తేడా కనిపించేది కాదు, శుక్రవారం బాణసంచా ఉందంటే మాత్రం పార్కింగ్ దొరికేది కాదు. ఆటకి దగ్గరగా చేసిన పని ఏమిటంటే టార్ప్ లాగడం. వాన మొదలవగానే టికెట్ల అమ్మాయి, అకౌంట్స్ ఆయన, నేను, అందరం పరిగెత్తి, పెద్ద గొట్టానికి చుట్టి ఉంచిన పట్టాని ఇన్‌ఫీల్డ్ మొత్తం పరచాలి. గాలి దాని కిందికి దూరిందంటే మనిషిని ఎత్తేస్తుంది. తడిసిన పట్టా వెనక్కి చుట్టేటప్పుడు అరచేతులు మండేవి. నాకు భలే ఇష్టంగా ఉండేది, కానీ అక్కడి నుంచి జీఎం కుర్చీకి మెట్లు లేవు.

కాబట్టి నువ్వు అడగాల్సింది ఆట వైపు పని: వీడియో, పిచ్ ట్రాకింగ్ (విసిరిన ప్రతి బంతినీ కొలవడం). దానికి అన్నిటికన్నా దగ్గర తలుపు మీ కాలేజీ టీమ్. కోచ్ దగ్గరికెళ్ళి "మీ పిచర్ల డేటా నేను చూసిపెడతాను, డబ్బులొద్దు" అను. వేసవిలో కాలేజీ కుర్రాళ్ళు ఆడే లీగ్‌లకీ ఇంటర్న్‌లు కావాలి, కేప్ కాడ్ లీగ్‌కి అయితే స్కౌట్లు (కొత్త ఆటగాళ్ళని వెతికేవాళ్ళు) బారులు తీరతారు. వాళ్ళ పక్కన కూర్చో. మా పార్కులో హోమ్ ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు) వెనక ఒక పెద్దాయన కూర్చునేవాడు. అందరి కళ్ళూ బంతి వేగం చూపే రాడార్ గన్ మీద ఉంటే ఆయన బ్యాటర్ ముందు కాలి వైపు చూసి ఏదో రాసుకునేవాడు. కంప్యూటర్ ముందు కూర్చుంటే ఆ చూపు రాదు.

ఇంట్లో వాళ్ళకి మాత్రం జీతం సంగతి దాచకు. మొదట్లో నీ క్లాస్‌మేట్లు తీసుకునేదాంట్లో సగం కూడా రాకపోవచ్చు, ఊళ్ళు మారాలి. డిగ్రీ పూర్తి చేస్తాననీ, ఇది కుదరకపోతే అదే చదువుతో వేరే ఉద్యోగం దొరుకుతుందనీ నాన్నగారికి నెమ్మదిగా చెప్పు. అది అబద్ధం కూడా కాదు.

వచ్చే డెడ్‌లైన్‌కి వారం ముందు రెండు పేజీలు రాయి: పైరేట్స్ ఎవరిని అమ్మాలి, ఎవరిని అడగాలి, ఒక్క డాలరు కూడా బడ్జెట్ పెరగదనుకుని. తేదీ వేసి ఎవరికైనా పంపి ఉంచు, తర్వాత దిద్దకు. నాకు పంపినా సరే, చదివి ఎక్కడ ఫ్యాన్ మాట్లాడాడో ఎర్ర గీత పెట్టి పంపుతాను.