ఇంట్లో నర్సు ఖర్చు ఆరోగ్య బీమా ఇవ్వదా?

ప్రశ్న: మా అమ్మకు 73 ఏళ్లు. కాకినాడలో నా దగ్గరే ఉంటుంది. ఆమెను చేర్చి నా పేరు మీద 10 లక్షల ఆరోగ్య బీమా తీసుకున్నాను, ఆరేళ్లుగా విరామం లేకుండా కడుతున్నాను. పక్షవాతం వచ్చి 12 రోజులు ఆస్పత్రిలో ఉంటే ఆ బిల్లు క్యాష్‌లెస్‌లో పోయింది. డిశ్చార్జి తర్వాత 90 రోజుల ఖర్చులూ వస్తాయని ఏజెంట్ వాట్సాప్‌లో రాశాడు. మూడు నెలలకు 2,08,900 రూపాయల బిల్లులు పెడితే మందులు, పరీక్షల కింద 27,500 మాత్రమే ఇచ్చారు. మొదటి నెల నర్సుకు 38,000, తర్వాత రెండు నెలలు ఆయాకు 52,000, ఫిజియోథెరపీకి (60 రోజులు, రోజుకు 600) 36,000, హాస్పిటల్ మంచం, ఎయిర్ బెడ్, వీల్‌చెయిర్‌కు 41,000, డైపర్లకు 14,400 అయ్యాయి. ఇవన్నీ ‘ఎక్స్‌క్లూజన్ 05, నాన్ పేయబుల్’ అని కొట్టేశారు. గట్టిగా అడిగితే బీపీ దాచారంటూ ఇచ్చిన డబ్బు కూడా వెనక్కి తీసుకుంటారని ఏజెంట్ అంటున్నాడు. కోర్టుకు వెళ్లవచ్చా? తమ్ముడు పైసా ఇవ్వడం లేదు. రేపు మా వయసు మీదపడ్డాక ఇలాంటి ఖర్చులిచ్చే పాలసీ ఏదైనా ఉందా?

జవాబు: కొట్టేసిన 1,81,400ను ఒకే మొత్తంగా అడిగితే ఎక్స్‌క్లూజన్ 05 చూపించి అంతా పక్కన పెడతారు. విడదీసి అడిగితే నర్సుకూ ఫిజియోథెరపీకీ అయిన 74,000 కోసం పోరాడవచ్చు. ఇందులో ఫిజియోథెరపీకి మంచి ఆధారం ఉంది, నర్సు ఖర్చు మాత్రం ఖాయం కాదు, ఎందుకంటే ప్రైవేటు నర్సు ఖర్చు నాన్ పేయబుల్ జాబితాలో ఉంటుంది. ఆయా, మంచం, డైపర్ల 1,07,400 మీద మాత్రం సమయం పెట్టకండి.

ముందు ఎక్స్‌క్లూజన్ 05 సంగతి. ఇది మీ కంపెనీ సొంతంగా రాసుకున్నది కాదు. 2019లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ అన్ని కంపెనీలకూ ఒకే రీతిలో ఖరారు చేసిన మినహాయింపు, అందుకే ఎవరి పాలసీ తిరగేసినా ఇదే మాట కనిపిస్తుంది. చికిత్స కోసం కాకుండా ప్రధానంగా మంచం మీద విశ్రాంతి కోసమే చేరితే అయ్యే ఖర్చు ఇవ్వరు. స్నానం చేయించడం, బట్టలు తొడగడం, అటూ ఇటూ కదిలించడం వంటి రోజువారీ పనులకు ఇంట్లో గానీ నర్సింగ్ కేంద్రంలో గానీ చేసే సంరక్షణకూ ఇవ్వరు. ఆ పనులు శిక్షణ పొందిన నర్సు చేసినా, మామూలు సహాయకురాలు చేసినా ఒకటే అని అందులోనే రాసి ఉంది. అంటే ఎవరు చేశారన్నది కాదు, ఏం చేశారన్నదే లెక్క. చాలామంది ఇక్కడే పొరబడతారు. ‘మేం పెట్టుకున్నది నిజమైన నర్సునే’ అని వాదిస్తారు. ఆ నర్సు రోజంతా ఒళ్లు తుడిచి అన్నం తినిపించి ఉంటే ఆ వాదన నిలవదు.

మరి ఆ 38,000 ఎలా అడగాలి? డిశ్చార్జి తర్వాతి ఖర్చులకు పాలసీలో రెండు షరతులు ఉంటాయి: ఏ జబ్బుకు ఆస్పత్రిలో చేరారో అదే జబ్బుకు అయి ఉండాలి, ఆస్పత్రి క్లెయిమ్ ఆమోదం పొంది ఉండాలి. మీకు రెండూ ఉన్నాయి. దానితోపాటు అది ‘వైద్యుడి సలహా మీద చికిత్స కోసం తప్పనిసరిగా అయిన ఖర్చు’ కావాలి. మొదటి నెలలో నర్సు గొంతులో కఫం తీసిందా, వీపు మీద పుండ్లకు డ్రెస్సింగ్ చేసిందా, ఇంజెక్షన్లు ఇచ్చిందా, కాథెటర్ (మూత్రపు గొట్టం) చూసుకుందా, ముక్కులోని రైల్స్ ట్యూబ్ ద్వారా ఆహారం పంపిందా? ఇవి చికిత్సలో భాగం. నిరూపించడానికి నాలుగు కాగితాలు కావాలి. ఇంట్లో నర్సింగ్ అవసరమని రాసిన డిశ్చార్జి సమ్మరీ. నర్సు పేరు, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న బిల్లు (పాలసీలో ‘క్వాలిఫైడ్ నర్స్’ అంటే ఆ రిజిస్ట్రేషన్ ఉన్నవారే). ఏ పూట ఏం చేసిందో రాసిన రోజువారీ షీటు. డబ్బు ఏజెన్సీ ఖాతాకు వెళ్లిన ఆధారం. ‘పేషెంట్ కేర్ సర్వీస్, నెలకు 38,000’ అని ఒక్క వాక్యంతో ఇచ్చిన బిల్లు వల్లే ఎక్కువ క్లెయిములు పోతుంటాయి. వివరాలతో కొత్త బిల్లు ఇవ్వమని ఏజెన్సీని అడగండి.

డిశ్చార్జి సమ్మరీలో నర్సింగ్ మాట లేకపోతే, చికిత్స చేసిన డాక్టరు నుంచి ఈ రోజు తేదీతోనే వివరణ లేఖ తీసుకోండి. అప్పట్లో ఏం సూచించారో ఓపీ చీటీల ఆధారంగా అందులో రాయాలి. పాత తేదీ వేయించుకోమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. బయటపడిందంటే అది మోసం కిందికి వస్తుంది, కింద చెప్పబోయే రక్షణ కూడా పోతుంది.

ఫిజియోథెరపీది ఇంకా బలమైన కేసు. ఎక్స్‌క్లూజన్ 05 శీర్షికలో ‘రీహాబిలిటేషన్’ అన్న మాట ఉంది, కంపెనీలు దాన్ని పట్టుకుంటాయి. కానీ కింది వివరణలో ఉన్నవి విశ్రాంతి కోసం చేరడం, రోజువారీ పనుల్లో సాయం, చివరి దశ రోగుల సేవలు మాత్రమే. పక్షవాతానికి డాక్టరు రాసిచ్చిన వ్యాయామ చికిత్స ప్రస్తావన అక్కడ లేదు. శీర్షిక ఒకటి, వివరణ మరొకటి చెబుతుంటే సందేహ లాభం పాలసీదారుకే దక్కుతుంది. బీమా ఒప్పందంలో అస్పష్టత ఉంటే దాన్ని రాసిన కంపెనీకి వ్యతిరేకంగానే చదవాలని సుప్రీంకోర్టు పుష్పాలయ ప్రింటర్స్ కేసులో (2004) చెప్పింది. ఫిజియోథెరపిస్టు అర్హత, 60 తేదీలు, ఒక్కో రోజు రుసుము ఉన్న రసీదులు జతచేయండి. అంతకన్నా ముందు ‘పోస్ట్ హాస్పిటలైజేషన్’ పేరా చదవండి. ఫిజియోథెరపీకి విడిగా పరిమితి పెట్టిన పాలసీలూ ఉన్నాయి.

డైపర్లు, ఎయిర్ బెడ్ వంటివి నాన్ పేయబుల్ జాబితాలో పేరుపేరునా ఉంటాయి. మీ పాలసీకి ‘కన్జ్యూమబుల్స్’ యాడ్ ఆన్ (వాడి పారేసే సామాన్లకు అదనపు కవరేజీ) ఉంటే ఒకసారి చూడండి, లేకపోతే వదిలేయండి.

బీపీ బెదిరింపును పట్టించుకోకండి. పాలసీ 60 నెలలు విరామం లేకుండా నడిస్తే, ఆ తర్వాత జబ్బు చెప్పలేదన్న కారణంతో క్లెయిమ్‌ను ప్రశ్నించకూడదు. మోసం జరిగిందని కంపెనీ నిరూపిస్తే తప్ప. 2024 నిబంధనలకు ముందు ఇది 8 ఏళ్లు, ఇప్పుడు 5. మధ్యలో బీమా మొత్తం పెంచుకుని ఉంటే, పెంచిన మేరకు లెక్క ఆ రోజు నుంచి మొదలవుతుంది. పైగా తిరస్కరణ లేఖలో లేని కొత్త కారణాన్ని కంపెనీ తర్వాత తెచ్చిపెట్టడం కుదరదని సౌరాష్ట్ర కెమికల్స్ కేసు (2019) చెబుతోంది. అందుకే ఆ లేఖను పదిలంగా ఉంచండి. క్లెయిమ్ అడిగినందుకు రెన్యువల్ ఆపడానికీ వీల్లేదు. 60 దాటినవారి ప్రీమియాన్ని ఏడాదికి 10 శాతానికి మించి పెంచాలంటే కంపెనీ ముందుగా ఐఆర్‌డీఏఐతో సంప్రదించాలని 2025 జనవరిలో ఆదేశాలు వచ్చాయి.

ఇక ఎక్కడికి వెళ్లాలి? ముందు కంపెనీ గ్రీవెన్స్ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి, ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లోనూ నమోదు చేయండి. ఏ షరతు కింద ఏ మొత్తం తీసేశారో అంశాలవారీగా చెప్పమని అడగండి. కొంత భాగాన్ని తీసేసినా ఆ వివరం ఇవ్వాల్సిన బాధ్యత వారిదే. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) వెళ్లండి, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఆ పరిధిలోనివే. కంపెనీ తిరస్కరించిన తేదీ నుంచి ఏడాదిలోపు వెళ్లాలి. రుసుము లేదు, లాయరూ అక్కర్లేదు. 50 లక్షల వరకు ఇప్పించే అధికారం ఉంది. తీర్పు కంపెనీని కట్టిపడేస్తుంది, మిమ్మల్ని కాదు. నచ్చకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. ముందే కమిషన్‌లో కేసు వేస్తే మాత్రం అంబుడ్స్‌మన్ మీ ఫిర్యాదు తీసుకోరు. 74,000 కోసం అంబుడ్స్‌మన్ దారే నా సలహా.

ఏజెంట్ వాట్సాప్ మాటతో పాలసీ షరతు మారదు. తప్పుడు మాట చెప్పి అమ్మారనడానికి మాత్రం అది సాక్ష్యం. దాని మీద నష్టపరిహారం కోరాలనుకుంటే జిల్లా కమిషన్‌లో రెండేళ్లలోపు వేయాలి. మీరు ఉంటున్న ఊరి పరిధిలోనే వేయవచ్చు, కంపెనీ కార్యాలయం ఎక్కడున్నా సరే. మీరు కట్టిన ప్రీమియం 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు. ఫోన్ మార్చే ముందు ఆ సంభాషణను బయటకు తీసి భద్రపరచండి.

తమ్ముడి విషయానికి వస్తే, 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం కింద అమ్మగారు ఆర్డీవో ట్రిబ్యునల్‌లో దరఖాస్తు చేయవచ్చు. ఆమె రాలేని స్థితిలో ఉంటే ఆమె అధికారమిచ్చిన వ్యక్తి చేయవచ్చు. తమ్ముడు ఏ ఊళ్లో ఉన్నా దరఖాస్తు కాకినాడలోనే వేయవచ్చు. ఇప్పించే మొత్తానికి నెలకు 10,000 రూపాయల గరిష్ఠ పరిమితి ఉంది, అది ఆయా జీతంలో సగం కూడా కాదు. పోషణ బాధ్యత కూతురిగా మీకూ ఉందని అవతలి వాళ్లు తప్పక ఎత్తుతారు. ఇప్పటిదాకా మీరు పెట్టిన ఖర్చుల లెక్క సిద్ధంగా ఉంచుకోండి. అమ్మగారు ప్రధానంగా మీ మీదే ఆధారపడి ఉంటే సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్ తెచ్చుకోండి. పాత పన్ను విధానంలో ఉన్నవారికి 80డీడీ పేరుతో అందరికీ తెలిసిన మినహాయింపు ఉంది: వైకల్యం 40 శాతం ఉంటే 75,000, 80 శాతం లేదా అంతకు మించి ఉంటే 1,25,000. ఖర్చు అంత కాకపోయినా ఆ మొత్తం వస్తుంది.

మీ చివరి ప్రశ్నకు జవాబు నిరాశపరుస్తుంది. నెలల తరబడి ఆయా జీతం ఇచ్చే దీర్ఘకాల సంరక్షణ పాలసీలు మన దగ్గర మార్కెట్‌గా ఎదగలేదు. జర్మనీ 1995లో, జపాన్ 2000లో దీన్ని అందరికీ తప్పనిసరి చేశాయి. జపాన్‌లో 40 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరూ కట్టాల్సిందే. తప్పనిసరి చేయడంలోనే కిటుకు ఉంది. ఇష్టమైనవారే కొనే చోట, అవసరం దగ్గరపడ్డాకే కొంటారు. అలాంటివారే చేరితే ప్రీమియం పెరుగుతుంది, పెరిగితే ఆరోగ్యంగా ఉన్నవారు తప్పుకుంటారు. అమెరికాలో ప్రైవేటు కంపెనీలు జనం ఎంతకాలం బతుకుతారో, ఎంతమంది మధ్యలో మానేస్తారో తప్పుగా అంచనా వేశాయి. ఆ తర్వాత పాత కస్టమర్ల ప్రీమియాలు భారీగా పెంచాయి, చాలా కంపెనీలు కొత్త పాలసీలు అమ్మడమే మానేశాయి. కాబట్టి ‘హోమ్ కేర్’ అని ముద్రించిన బ్రోచర్ చూసి మోసపోకండి. ఆస్పత్రిలో చేయాల్సిన చికిత్సను కొన్ని రోజులు ఇంట్లో చేయడమే సాధారణంగా దాని అర్థం.

ప్రస్తుతానికి మీకు దగ్గరగా వచ్చేది క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ. జాబితాలోని తీవ్ర జబ్బు వస్తే బిల్లులతో పని లేకుండా ఏకమొత్తం ఇస్తుంది, దాన్ని ఆయాకు వాడుకున్నా అడిగేవారు లేరు. 50 దాటకముందే, పరీక్షల్లో ఏమీ బయటపడకముందే తీసుకోండి. కొనేటప్పుడు పక్షవాతం నిర్వచనం చదవండి. నాడీ సంబంధమైన లోపం కనీసం 3 నెలలు కొనసాగినట్టు ఆధారం ఉంటేనే డబ్బు వస్తుంది, తేలికపాటి తాత్కాలిక దాడికి రాదు. అల్జీమర్స్, పార్కిన్సన్స్ జాబితాలో ఉన్నాయా, ఉంటే ఏ వయసు వరకు అన్నది చూడండి. కొన్ని పాలసీల్లో ఆ కవరేజీ మీకు నిజంగా అవసరమయ్యే వయసుకు ముందే ఆగిపోతుంది. సంతకం పెట్టే ముందు కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీటును (పాలసీ ముఖ్యాంశాల పత్రం) తెలుగులో అడిగి తీసుకోండి.