జూడాస్ ప్రీస్ట్ 'బ్రిటిష్ స్టీల్'ని అంతలా ఎందుకు మెచ్చుకుంటారు?

"ఈమధ్యే మెటల్ వినడం మొదలుపెట్టాను. అందరూ ఇంగ్లాండ్ హెవీ మెటల్ బ్యాండ్ జూడాస్ ప్రీస్ట్ 1980 ఆల్బమ్ 'బ్రిటిష్ స్టీల్' వినమన్నారు. విన్నాను, చాలా సాదాగా ఉంది. వేగం లేదు, హంగులు లేవు, ఒకటైతే పార్టీలో చప్పట్లు కొట్టే పాటలా ఉంది. పాతవాళ్ళ మోజు తప్ప ఇందులో ఏముంది?" అని అడిగారు.

ఆ సాదాతనమే ఉందండీ. ఆ ఆల్బమ్ బరువంతా గిటార్ మోగినప్పటికంటే, మోగడం ఆపిన చోట ఎక్కువ తెలుస్తుంది. "గ్రైండర్" ఇంకోసారి పెట్టుకుని వినండి. రిఫ్, అంటే మళ్ళీ మళ్ళీ వచ్చే గిటార్ ముక్క, ఒక దెబ్బ కొట్టి ఆగుతుంది. డ్రమ్ము మాత్రం తన దారిన తను నడుస్తూనే ఉంటుంది. మళ్ళీ దెబ్బ, మళ్ళీ ఆగడం. ఆ మధ్యనున్న ఖాళీలో ఇద్దరు గిటారిస్టులు చేతులు కట్టుకుని ఊరుకున్నారు చూడండి, దానికి గుండెధైర్యం కావాలి. ఇప్పటి బ్యాండ్లకి అది లేదు. అర సెకను సందు దొరికితే అందులో పదహారు నోట్లు కుక్కేస్తారు. యూట్యూబ్‌లో కింద కామెంట్లలో "వాట్ ఎ టెక్నిక్" అని రాస్తారు. సరే, అది వేరే గొడవ.

నేనింత గట్టిగా మాట్లాడుతున్నానంటే కారణం ఉంది. నేను పెరిగింది ఉక్కునగరంలో. మా నాన్న విశాఖ స్టీల్ ప్లాంట్ వైర్ రాడ్ మిల్లులో పనిచేసి రిటైరయ్యారు. మా క్వార్టర్లలో గడియారం కంటే షిఫ్ట్ పెద్దది. నాన్నది ఎ షిఫ్టా, బి షిఫ్టా, సి షిఫ్టా అన్నదాన్ని బట్టే కుక్కర్ ఎప్పుడు పెట్టాలి, టీవీ ఎంత సౌండులో ఉండాలి, పిల్లలు ఎక్కడ ఆడుకోవాలి అన్నీ తేలేవి. సి షిఫ్ట్ (రాత్రి డ్యూటీ) వారం వచ్చిందంటే పగలంతా ఇంట్లో గుసగుసలే. హెవీ మెటల్ వినడానికి ఇంతకన్నా పనికిరాని ఇల్లు ఇంకోటుండదు.

టౌన్‌షిప్‌లో భిలాయ్ నుంచి, రూర్కెలా నుంచి వచ్చి చేరినవాళ్ళు చాలామంది ఉండేవారు. మా పైఇంటి ఒడియా అంకుల్‌గారబ్బాయి హాస్టల్ నుంచి ఒక టీడీకే 90 క్యాసెట్ తెచ్చాడు. ఆల్బమ్ మొత్తం 36 నిమిషాలే కాబట్టి ఒక్క వైపే పట్టేసింది. అసలు ఎల్పీలో "యునైటెడ్" దగ్గర మొదటి వైపు అయిపోతుందని, లేచి రికార్డు తిప్పాలని నాకు చాలా ఏళ్ళు తెలియనే తెలియదు. మిగిలిన జాగాలో ఎవరో మహానుభావుడు బప్పీ లహరి పాటలు నింపి పెట్టాడు. ఇప్పటికీ చివరి పాట "స్టీలర్" అయిపోగానే నాకు చెవిలో డిస్కో మొదలవుతుంది.

ఇక "మెటల్ గాడ్స్" సంగతి. ఆ పాట చివర్లో ఇనుప మనుషులు బారులు తీరి నడిచి వెళుతున్నట్టు ఒక చప్పుడుంటుంది. అదేమిటో మాకు అంతుపట్టేది కాదు. ఏదో మ్యాగజైన్లో చదివొచ్చి క్యాసెట్ తెచ్చిన మావాడే చెప్పాడు: చెంచాలు, ఫోర్కులు ఉన్న ట్రేలని ఊపి రికార్డు చేశారట. బటన్ నొక్కితే కావలసిన చప్పుడు పలికించే శాంప్లర్లు వాళ్ళ దగ్గర లేవు. దొరికిన సామానుతోనే పని కానిచ్చారు. వినగానే మాకు చేతులు దురద పెట్టాయి.

ఆ రోజు అమ్మ కూరలకి వెళ్ళింది. నాన్న సి షిఫ్ట్ చేసొచ్చి లోపలి గదిలో పడుకున్నారు. తలుపు దగ్గరగా వేశాం కదా, ఏం కాదులే అనుకున్నాం. వంటింట్లోంచి పెద్ద స్టీలు పళ్ళెం తెచ్చి చెంచాలు, గరిటెలు, అట్లకాడ, పట్టకార అన్నీ అందులో వేసి, టేప్ రికార్డర్లో పాట పెట్టి, దానితోపాటు ఊపడం మొదలుపెట్టాం. ఎంత ఊపినా వంటింటి చప్పుడు వంటింటి చప్పుడులాగే వస్తోంది. ఇంకాస్త గట్టిగా ఊపాం. గది తలుపు తెరుచుకుంది.

నాన్న లుంగీలో, కళ్ళు సగమే తెరిచి, "ఏట్రా ఆ గోల?" అన్నారు. మావాడి చేతిలో పళ్ళెం అలాగే బిగుసుకుపోయింది. నేను గబగబా విషయం చెప్పాను: అంకుల్‌గారబ్బాయి క్యాసెట్టు, ఇంగ్లాండ్ బ్యాండ్, చెంచాలు, అంతా. ఆయన తిట్టలేదు. "ఎనక్కి తిప్పు" అన్నారు. తిప్పాను. నిలబడే ఆ చప్పుడు విన్నారు. "ఇంకోసారి" అన్నారు. మళ్ళీ విన్నారు.

"ఆళ్ళది అంతా ఒక్కసారే పడతంది, సూడు. మీది ఒక్కో సెంచా ఒక్కో టైముకి పడతంది. సిన్నవి తీసేయండి. బరువైనవి ఉంచి, ఊపకండి, నేలకేసి దింపండి" అన్నారు.

చిన్న చెంచాలు ఏరేశాం. కింద తువ్వాలు మడిచి పెట్టమన్నారు, పెట్టాం. తరవాత ఆయనే చతికిలబడి పళ్ళెం రెండు చేతులా పట్టుకుని పాటతోపాటు ఎత్తి దింపడం మొదలుపెట్టారు. పడింది! సరిగ్గా పడింది. మా ఇంట్లో, మధ్యాహ్నం పూట, సి షిఫ్ట్ వారంలో, మా నాన్న జూడాస్ ప్రీస్ట్‌తో కలిసి గరిటెలు వాయించారు. అమ్మ సంచీతో లోపలికొచ్చి నేల మీది చెంచాలన్నీ చూసి, "పిల్లలకి లేదు, మీకైనా ఉండక్కర్లేదా?" అని ఆయన్నే అంది. మమ్మల్ని ఒక్క మాట అనలేదు.

పడుకోవడానికి వెళుతూ నాన్న అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తు: "ఈ డ్రమ్ములోడు తొందరపడడు. బాగుంది. తొందరపడితే కాబుల్ పడిపోద్ది."

కాబుల్ అంటే తెలియనివాళ్ళకి: వైర్ రాడ్ మిల్లులో ఎర్రగా కాలిన కడ్డీ ఒక రోలర్ల స్టాండ్ నుంచి ఇంకో స్టాండ్‌కి దూసుకుపోతూ సన్నబడుతుంది. ఏ రెండు స్టాండ్ల మధ్యనైనా వేగం లెక్క తప్పితే ఆ కడ్డీ దారి వదిలేసి చుట్టలు చుట్టలుగా పైకి లేస్తుంది. మిల్లు ఆపేసి, గ్యాస్ కట్టింగ్ చేసి ముక్కలు లాగాలి. ఒక్కోసారి మనుషులకే ప్రమాదం. అంత వేగంలో కూడా ఎవరూ ఎవర్నీ తోసుకోకుండా నడవడం గొప్ప అని ఆయన ఉద్దేశం. డేవ్ హాలండ్ డ్రమ్మింగ్ మీద ఇంతకంటే మంచి రివ్యూ నేను ఏ పత్రికలోనూ చదవలేదు. అతని ముందు వాయించిన లెస్ బింక్స్ ఇంకా నేర్పరి అని, హాలండ్‌కి ఏమీ రాదని మెటల్ పండితులు ఏళ్ళ తరబడి ఏడుస్తూనే ఉన్నారు. ఈ పాటలకి బింక్స్ వాయిస్తే ఖాళీలన్నీ నిండిపోయి ఆల్బమ్ పాడయ్యేది. ఈ మాట మీద నాతో ఎవరు వాదించినా నేను వినను.

అది మా నాన్న చెవికి ఎందుకు పట్టిందో తరవాత ఆ బ్యాండ్ గురించి చదివితే అర్థమైంది. వీళ్ళది బర్మింగ్‌హామ్ పక్కన బ్లాక్ కంట్రీ. బొగ్గు గనులు, ఫౌండ్రీలు, మసి. పాడే రాబ్ హాల్‌ఫర్డ్ వాల్సాల్‌లో పెరిగాడు, ఫౌండ్రీ పొగలోంచి బడికి నడిచి వెళ్ళేవాడు. గిటారిస్ట్ కె.కె. డౌనింగ్, బేస్ వాయించే ఇయాన్ హిల్ వెస్ట్ బ్రామ్విచ్‌వాళ్ళు. ఇంకో గిటారిస్ట్ గ్లెన్ టిప్టన్ అయితే సాక్షాత్తూ బ్రిటిష్ స్టీల్ అనే ఉక్కు కంపెనీలోనే పనిచేశాడు. బర్మింగ్‌హామ్ ఆస్టన్‌వాడైన బ్లాక్ సబ్బాత్ బ్యాండ్ గిటారిస్ట్ టోనీ అయోమీకి 1965లో రేకుల ఫ్యాక్టరీ మెషిన్‌లో రెండు వేళ్ళ కొసలు తెగిపోయాయి. ప్లాస్టిక్ టోపీలు తొడుక్కుని వాయించాడు. ఈ సంగీతం మొత్తం అక్కడి కార్ఖానాల్లోంచే వచ్చిందని నా నమ్మకం. లండన్‌లో పుట్టి ఉంటే ఇంకేదో అయ్యుండేది.

తమాషా ఏమిటంటే రికార్డింగ్ మాత్రం ఒక బంగళాలో జరిగింది. ఆస్కాట్ దగ్గర టిటెన్‌హర్స్ట్ పార్క్. అంతకుముందు బీటిల్స్ జాన్ లెనన్ ఇల్లు, అప్పటికి అదే బ్యాండ్ రింగో స్టార్‌ది. ప్రొడ్యూసర్ టామ్ అలమ్. ఆ ఇంట్లో దొరికినదల్లా వాడేశారు. "బ్రేకింగ్ ది లా"లో పగిలేవి పాల సీసాలు. పోలీసు సైరన్ అనుకునేది టిప్టన్ గిటార్. "మెటల్ గాడ్స్"కి బిలియర్డ్స్ కర్రలు కూడా ఉపయోగపడ్డాయి. ఒక రాత్రి తెల్లవారుజామున టిప్టన్ గట్టిగా వాయిస్తుంటే పైన నిద్ర చెడిన హాల్‌ఫర్డ్ దిగొచ్చి, మీకు అర్ధరాత్రి దాటాకే తెల్లారుతుందే అన్నట్టు ఏదో అన్నాడు, దాంతో "లివింగ్ ఆఫ్టర్ మిడ్‌నైట్"కి పేరు దొరికింది. మీరన్న చప్పట్ల పాట అదే అయితే దాన్ని మీకే వదిలేస్తాను. నాకూ నచ్చదు. సి షిఫ్ట్ ఇంట్లో పెరిగినవాడికి అర్ధరాత్రి తరవాత బతకడం అంటే పార్టీ గుర్తుకురాదు.

ఇంకొకటి ఎవరూ చెప్పరు. 1980 జనవరి 2న బ్రిటన్‌లో ఉక్కు కార్మికుల దేశవ్యాప్త సమ్మె మొదలైంది, 13 వారాలు సాగింది. ఈ ఆల్బమ్ రికార్డయింది సరిగ్గా ఆ జనవరి, ఫిబ్రవరుల్లోనే. సమ్మె ముగిసిన కొద్ది రోజులకే, ఏప్రిల్ 14న, ఆ పేరుతోనే దుకాణాల్లోకి వచ్చింది. (అదే రోజు ఇంకో బ్రిటిష్ మెటల్ బ్యాండ్ ఐరన్ మెయిడెన్ మొదటి ఆల్బమ్ కూడా వచ్చింది. ఆ రోజు రికార్డుల షాపుకెళ్ళినవాడి అదృష్టమే అదృష్టం.) వీళ్ళు ఉద్యమ గీతాలు రాయలేదు, జెండాలు పట్టలేదు, నిజమే. కానీ "బ్రేకింగ్ ది లా" పనిలేక తిరుగుతున్న కుర్రాడి గోడు. దానికి తీసిన వీడియోలో గిటార్లు పట్టుకుని బ్యాంకు దోచేసి కామెడీ చేశారు కాబట్టి ఇప్పుడందరూ నవ్వుకుంటూ చూస్తారు. కళ్ళు మూసుకుని వినండి. రెండున్నర నిమిషాల పైచిలుకు పాట, అందులో ఒక్క గిటార్ సోలో లేదు. ఇద్దరు లీడ్ గిటారిస్టులున్న బ్యాండ్, తమకి పేరు తెచ్చిన పాటలో సోలో పెట్టలేదంటే ఇంకేం చెప్పాలి?

"యునైటెడ్"ని ఫుట్‌బాల్ స్టేడియం పాట అని వెక్కిరిస్తారు. 2021 జనవరిలో మా ప్లాంట్‌ని ప్రైవేటుకి ఇచ్చేస్తామన్నప్పుడు కూర్మన్నపాలెం జంక్షన్‌లో దీక్షా శిబిరం వేశారు. రిటైరైన నాన్న కూడా వెళ్ళి కూర్చున్నారు. "విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు" అని వందల గొంతులు ఒకే తాళంలో అంటుంటే విన్నాక నేను ఆ పాటని వెక్కిరించలేను. జనం కలిసి అనాలంటే మాట అంత సులువుగానే ఉండాలి. అక్కడి ఉక్కు కంపెనీలని 1967లో జాతీయం చేసి బ్రిటిష్ స్టీల్‌గా కలిపి, 1988లో అమ్మేశారు. ఆల్బమ్ పేరు మాత్రం అలాగే మిగిలింది. శిబిరం మైకులో ఆ పాట వేయించాలని నాకు మహా కోరికగా ఉండేది, ఎవర్నీ అడగలేదనుకోండి.

అసలు ప్రశ్నకి వస్తే, మీరు దేంట్లో విన్నారో రాయలేదు. ఫోన్ స్పీకర్లో వినుంటే ఇయాన్ హిల్ బేస్ మీకు చేరే ఉండదు. "ది రేజ్" మొదట్లో అతనొక్కడే వాయించే ముక్క వినపడకపోతే మీరు ఆల్బమ్ విననట్టే లెక్క. ఈ కాలం పిల్లలు సినిమాకి వందలు పెట్టి డాల్బీ హాలుకెళతారు, పాట మాత్రం అరచేతిలో రేకు డబ్బాలో వింటారు. ఇంకొందరు ఈ ఆల్బమ్ అట్ట మీది బ్లేడు బొమ్మ టీషర్టు వేసుకుని మాల్‌లో తిరుగుతుంటారు, ఒక్క పాట పేరు అడిగితే నీళ్ళు నములుతారు. ఆ బ్లేడు పట్టుకున్న చెయ్యి, రోస్లావ్ షాయ్‌బో వేసిన అట్ట, నిజంగా గొప్పదే. కానీ ముందు వినండి నాయనా.

చేయాల్సింది ఇది. కాస్త పెద్ద స్పీకర్ సంపాదించండి. అమెరికా ఎడిషన్ "బ్రేకింగ్ ది లా"తో మొదలవుతుంది. అది పక్కన పెట్టి, బ్రిటన్ వరసలో "రాపిడ్ ఫైర్"తో మొదలయ్యేది పట్టుకోండి. వేగం కావాలన్నారుగా, అది మొదటి పాటలోనే తీరిపోతుంది, తరవాత "మెటల్ గాడ్స్" అడుగులు ఎందుకు అంత బరువుగా పడతాయో తెలుస్తుంది. మధ్యలో పాటలు దాటేయకండి. 2001 ఎడిషనైతే "స్టీలర్" అవగానే ఆపేయండి. దాని వెనక "రెడ్, వైట్ అండ్ బ్లూ" అని 1985 నాటి పాటొకటి తెచ్చి అతికించారు, దానికీ ఈ ఆల్బమ్‌కీ ఏ సంబంధమూ లేదు. ఇంత చేశాక కూడా సాదాగానే ఉందంటే, 1978 నాటి "స్టెయిన్డ్ క్లాస్" వినండి. మీరడిగిన హంగులన్నీ అందులో ఉన్నాయి, డ్రమ్ముల మీద బింక్స్ కూడా ఉన్నాడు.