ఆరోగ్యశ్రీ ఉన్నా పెద్ద జబ్బొస్తే ఇల్లు ఎందుకు గుల్లవుతోంది?

ఆటో వల్ల. నవ్వకండి, నిజమే చెప్తున్నా.

మా నాన్నకి కిడ్నీలు పాడై నాలుగేళ్లుగా డయాలసిస్, అంటే మిషన్‌తో రక్తం శుభ్రం చేసి ఒంట్లో చేరిన నీరు తీయడం. మాది తెనాలి దగ్గర పల్లెటూరు, వారానికి మూడుసార్లు గుంటూరు పోవాలి, మిషన్ మీద నాలుగ్గంటలు. ఆరోగ్యశ్రీలో (ఇప్పుడు పేరు ఎన్టీఆర్ వైద్యసేవ, మా ఊళ్లో ఎవరూ అలా అనరు) డయాలసిస్‌కి పైసా తీసుకోలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఆరింటి షిఫ్టు అందుకోవాలంటే తెల్లారగట్ల నాలుగున్నరకే బయల్దేరాలి, ఆ టైంకి మా ఊరికి బస్సు లేదు, ఉన్నా మిషన్ దిగాక ఆయన నిలబడలేడు. ఆటో రానూపోనూ 700. నెలకి పదమూడు ట్రిప్పులు, అంటే 9,100. తోడెళ్లిన రోజు నా సెల్ రిపేర్ షాపు షట్టర్ దించే ఉంటుంది, దానికి బిల్లు ఎవడిస్తాడు? ఇన్సూరెన్స్ పాలసీ తీసుకోవాల్సింది అనేవాళ్లు చాలామందున్నారు, పాలసీ ఆటోకి ఇస్తుందా అండీ?

రెండేళ్ల కింద సంక్రాంతి ముందు నాన్న "కాళ్ల వాపు కూడా లేదురా, పండగ ఖర్చులున్నాయి, ఇయ్యాళ మానేద్దాం" అన్నాడు. అబద్ధమెందుకు, నేనూ లోపల హమ్మయ్య అనుకున్నా. రాత్రి ఒంటిగంటకి చూస్తే మంచం మీద కూర్చుని కిటికీ ఊచలు పట్టుకుని ఊపిరి కోసం కొట్టుకుంటున్నాడు, పడుకుంటే అస్సలు ఆడట్లేదు. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు. దగ్గర్లో దొరికిన ప్రైవేటాస్పత్రిలో 30,000 కడితేగానీ ఐసీయూలోకి తీసుకోలేదు, ఫ్రెండొకడు ఫోన్‌పే కొట్టాడు, పొద్దున అమ్మ దిద్దులు గోల్డ్ లోన్‌లో పెట్టి వాడికి తీర్చా. మొత్తం 46,000 అయింది, 700 మిగుల్చుకోబోయి. నాన్న మాస్కు పక్కకి లాగి అడిగిన మొదటిమాట "షాపు తీశావా?"

ఇంకోటి, చూడ్డానికొచ్చే చుట్టాలు. గెల అరటిపళ్లు, అరడజను కొబ్బరిబోండాలు! రెండిట్లోనూ పొటాషియం ఎక్కువ, కిడ్నీ పేషెంటుకి అది పడదు, బోండాం విషంతో సమానం, రోజుకి తాగే నీళ్లే గ్లాసుతో కొలిచి ఇస్తాం. వద్దంటే మొహాలు మాడ్చుకుంటారు. ఆ బోండాల డబ్బులు చేతిలో పెడితే ఒక ట్రిప్పులో సగం తీరును కదా.

ఏం చెయ్యాలంటారా, డయాలసిస్ వాళ్లకి మన ఏపీలో నెలకి 10,000 పింఛనుంది, ముందు దానికి అప్లికేషన్ పెట్టండి. మాకు కాగితాల చుట్టూ తిరగడానికే ఏడు నెలలు పట్టింది. వచ్చాక ఆ డబ్బు ఇంటి ఖర్చులో కలపొద్దు, కలిపారో నూనెకీ పప్పుకీ పోతుంది. నేనైతే ఒకటో తారీఖే నెల మొత్తానికీ లెక్కకట్టి ఆటో అతనికి ఇచ్చేస్తా. అప్పట్నుంచీ నాన్న ఒక్క షిఫ్టూ మానలేదు, ఇచ్చిన డబ్బులు వేస్టయిపోతాయని నాలుగింటికే చొక్కా వేసుకుని అరుగు మీద కూర్చుంటున్నాడు.