అంత పేరున్న క్యాచర్ బ్యాటింగ్‌లో ఎందుకు తడబడుతున్నాడు?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో బేస్‌బాల్ క్యాచర్ల (బ్యాటర్ వెనక కూర్చుని బంతి అందుకునేవాళ్ల) గురించే ఎక్కువ ఉన్నాయి. అందుకే మిగతా ఆటల ప్రశ్నలు పక్కన పెట్టి వీటికే జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: నేను బాల్టిమోర్ ఓరియోల్స్ అభిమానిని. 2019 డ్రాఫ్ట్‌లో (టీమ్‌లు వంతులవారీగా కుర్ర ఆటగాళ్లని ఎంచుకునే కార్యక్రమంలో) మొట్టమొదటి పిక్‌గా అడ్లీ రచ్‌మన్‌ని తీసుకున్నప్పుడు, ఇక పదేళ్లు మా టీమ్‌కి దిగుల్లేదనుకున్నాం. 2023 దాకా అలాగే సాగింది. తర్వాత ఏమైందో ఏమో, 2025లో బ్యాటింగ్ సగటు .220 (అంటే వెయ్యి ప్రయత్నాలకి 220 హిట్లు), హోమ్ రన్లు (క్రికెట్‌లో సిక్సర్ లాంటివి) తొమ్మిదే. ఇక ఆశ వదులుకోవడమేనా? అసలు మొదట్లో వేసిన అంచనాలే తప్పా?

జవాబు: వదులుకోకండి. నా అభిప్రాయం ముందే చెప్పేశాను, కారణాలు ఇప్పుడు చెప్తాను.

ముందు అతను ఏం చేసి చూపించాడో గుర్తు చేసుకుందాం. 2021లో 110 మ్యాచ్‌లు ఓడిన టీమ్ అది. 2022 మే నెలలో రచ్‌మన్ వచ్చాడు, ఆ ఏడాది 83 గెలిచారు, మరుసటి ఏడాది 101. ఇదంతా ఒక్కడి గొప్పే అని నేను అనను, కానీ 2023లో అతను 154 మ్యాచ్‌లు ఆడి, .277 సగటుతో 20 హోమ్ రన్లు కొట్టి, పైగా 92 వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులు వదిలేస్తే కొట్టకుండానే దొరికే మొదటి బేస్) తీసుకున్నాడు. నాకు వీటన్నిటిలో ఆ 92 చాలా ముఖ్యం. చెడ్డ బంతిని వదిలేసే ఓపిక ఉన్నవాడే అన్ని వాక్‌లు సంపాదిస్తాడు. 2024లో ఆ సంఖ్య 58కి పడిపోయింది, సీజన్ మధ్యలో వచ్చే ఆల్‌స్టార్ విరామం తర్వాత మూడే హోమ్ రన్లు వచ్చాయి. అంటే సగటు పడిపోవడం కన్నా ముందే అతని ఓపిక తగ్గింది. అభిమానులు .250, .220 అని సగటు చూసి బాధపడుతున్నారు గానీ, నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టింది మాత్రం ఆ వాక్‌లే.

2025 సంగతి వేరు. నడుము పక్క కండరాలు, అంటే ఒబ్లిక్స్, ఒకే సీజన్‌లో రెండుసార్లు దెబ్బతిని 90 మ్యాచ్‌లే ఆడగలిగాడు. బ్యాట్ తిప్పే బలమంతా నడుము తిరగడంలోనే ఉంటుంది కాబట్టి ఆ కండరం నొప్పిగా ఉన్నవాడి స్వింగ్ ఎంత నెమ్మదిస్తుందో, ఎంత జాగ్రత్తగా తిప్పుతాడో ఊహించుకోండి. పైగా అతను స్విచ్ హిట్టర్. కుడివైపు ఒక స్వింగ్, ఎడమవైపు ఇంకో స్వింగ్, రెండూ విడివిడిగా సాధన చేయాలి. గాయం నుంచి తిరిగొచ్చిన మామూలు బ్యాటర్‌కి ఒక పని ఉంటే ఇతనికి రెండు. అందుకే ఆ ఏడాది అంకెల్ని పట్టుకుని తీర్పు ఇవ్వడం న్యాయం కాదు.

ఇక అంచనాల మాట. మీ టీమ్‌లోనే ఇది రెండోసారి జరుగుతోంది. 2007లో ఐదో పిక్‌గా వచ్చిన మ్యాట్ వీటర్స్ గుర్తున్నాడా? అతనూ క్యాచరే, అతనూ స్విచ్ హిట్టరే. 2008లో మైనర్ లీగ్స్‌లో (మేజర్ లీగ్‌కి కింది స్థాయి పోటీల్లో) .355 సగటు, 27 హోమ్ రన్లు కొట్టేసరికి జనం అతన్ని పవర్ ఉన్న జో మావర్ అన్నారు. మావర్ అంటే తెలుసుగా, 2006, 2008, 2009లో మూడుసార్లు అమెరికన్ లీగ్ బ్యాటింగ్ టైటిల్ గెలిచిన మిన్నెసోటా క్యాచర్, అందులో 2009 సగటు ఏకంగా .365. అలాంటివాడితో పోల్చి, వాడికన్నా గొప్పవాడు వస్తున్నాడని చెప్పి ఒక ఇరవై మూడేళ్ల కుర్రాణ్ణి గ్రౌండ్‌లోకి పంపితే ఏమవుతుంది? 2010లో వీటర్స్ .249 సగటుతో 11 హోమ్ రన్లు కొట్టాడు, పనికిరాడని తిట్టినవాళ్లు ఎంతమందో. ఆ తర్వాతి మూడేళ్లలో వరసగా 22, 23, 22 హోమ్ రన్లు కొట్టాడు, 2011, 2012లో ఫీల్డింగ్‌కి ఇచ్చే గోల్డ్ గ్లవ్ అవార్డు తెచ్చుకున్నాడు, మొత్తం నాలుగుసార్లు ఆల్‌స్టార్ మ్యాచ్‌కి ఎంపికయ్యాడు. మావర్ అంతటివాడు మాత్రం కాలేదు. అయినా అతను ఓడిపోయిన ఆటగాడని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మావర్ లాంటి క్యాచర్లు అరుదు, ఆ అరుదైనవాణ్ణి కొలబద్దగా పెట్టుకోవడం దగ్గరే పొరపాటు మొదలవుతుంది.

రచ్‌మన్‌కి ఉన్న అసలు చిక్కు ఇంకోటి. 2025 ఆగస్టులో శామ్యూల్ బసాయో అనే కుర్ర క్యాచర్‌ని మేజర్ లీగ్ టీమ్‌లోకి తీసుకొచ్చి, కొద్ది రోజులకే 8 ఏళ్లకి 67 మిలియన్ డాలర్ల ఒప్పందం ఇచ్చారు. రచ్‌మన్‌ని తీసేయడానికే ఇదని కొందరంటున్నారు. నాకైతే ఇందులో మంచే కనిపిస్తోంది, ఎందుకంటే క్యాచింగ్ బరువు పంచుకునేవాడు ఉంటే అతని కాళ్లకి, నడుముకి విశ్రాంతి దొరుకుతుంది.

ప్రశ్న: క్రికెట్‌లో వికెట్ కీపర్లు కీపింగ్ చేస్తూనే సెంచరీలు కొడుతున్నారు కదా. బేస్‌బాల్ క్యాచర్లకి మాత్రం బ్యాటింగ్ అంత కష్టమెందుకు?

జవాబు: మంచి ప్రశ్న. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి, వంగి కూర్చోవడం, గ్లవ్స్, ప్రతి బంతీ అందుకోవడం. కానీ కీపర్ బౌలర్‌కి ఏ బంతి వేయాలో చెప్పడు. క్యాచర్ చెప్తాడు. ఒక మ్యాచ్‌లో దాదాపు 150 బంతులకి, ప్రతిదానికీ ఏ రకం, ఎక్కడ అని బంతి విసిరే పిచర్‌కి సూచించాలి. 2022 నుంచి పిచ్‌కామ్ అనే బటన్ల పరికరం వచ్చింది కాబట్టి వేళ్లతో సైగలు చేసే పని తగ్గింది గానీ ఆలోచించే పని తగ్గలేదు. ఎదుటి టీమ్‌లో ప్రతి బ్యాటర్ బలహీనత చదువుకోవాలి, తన టీమ్‌లో పదిమందికి పైగా ఉన్న పిచర్లలో ఎవరి చేతిలో ఈరోజు ఏ బంతి బాగా పడుతోందో గమనించాలి. మిగతా బ్యాటర్లు మ్యాచ్‌కి ముందు ప్రాక్టీస్ కేజ్‌లో స్వింగ్ చేసుకుంటుంటే క్యాచర్ పిచర్లతో మీటింగ్‌లో కూర్చుంటాడు.

ఇంక శరీరం సంగతి చెప్పక్కర్లేదు. బ్యాట్‌కి తగిలీ తగలనట్టు తగిలి దిశ మారిన బంతులు మాస్క్‌కి, భుజానికి, వేళ్లకి తగులుతూనే ఉంటాయి, అదీ ఏడాదికి 162 మ్యాచ్‌ల సీజన్‌లో. ఇవన్నీ చేసి వచ్చి గంటకి 95 మైళ్ల వేగంతో వచ్చే బంతిని కొట్టాలి. అందుకే టీమ్‌లు కొట్టడంలో మరీ గొప్పవాడనుకున్న కుర్రాణ్ణి ఒక్కోసారి క్యాచింగ్ నుంచి తప్పించేస్తాయి. బ్రైస్ హార్పర్ కుర్రతనంలో క్యాచరే, 2010లో వాషింగ్టన్ అతన్ని ఔట్‌ఫీల్డర్‌గా తీసుకుంది. రెండేళ్లకే పంతొమ్మిదేళ్ల వయసులో మేజర్ లీగ్‌లో ఉన్నాడు. క్యాచర్‌గానే ఉండి ఉంటే అంత తొందరగా రావడం కష్టమే.

ప్రశ్న: కొట్టలేకపోతున్న కుర్ర క్యాచర్‌ని మైనర్ లీగ్స్‌కి పంపితే వాడి ధైర్యం చచ్చిపోదా?

జవాబు: చచ్చిపోవచ్చు, నిలబడనూ వచ్చు. ట్రావిస్ డార్నోని చూడండి. పేరున్న పిచర్లు రాయ్ హాలడే కోసం ఒకసారి, ఆర్.ఎ. డికీ కోసం ఇంకోసారి, ఇలా రెండు పెద్ద ట్రేడ్‌లలో చేతులు మారిన కుర్రాడు, అంటే అతని మీద ఎంత నమ్మకమో చూడండి. 2014లో న్యూయార్క్ మెట్స్ తరఫున .180 కొడుతుంటే జూన్‌లో కిందికి పంపారు. కొన్నాళ్లకి తిరిగొచ్చి ఆ ఏడాది .242 సగటు, 13 హోమ్ రన్లతో ముగించాడు.

కాల్ రాలీ కథ ఇంకా గట్టిది. 2021లో సియాటిల్ తరఫున 47 మ్యాచ్‌లు ఆడితే సగటు .180, మరుసటి ఏప్రిల్‌లో .083. మైనర్ లీగ్ టీమ్ టకోమాకి పంపేశారు. ఇంకో క్యాచర్‌కి గాయమై కొద్ది రోజుల్లోనే వెనక్కి పిలిచారు, ఆ ఏడాది 27 హోమ్ రన్లు కొట్టాడు. 2025లో ఎన్నో తెలుసా? 60. అంతకుముందు ఏ క్యాచరూ ఒక సీజన్‌లో 48 దాటలేదు. 2022 ఏప్రిల్లో ఇది చెప్పి ఉంటే ఎవరూ నమ్మేవారు కాదు.

అయితే అదే సియాటిల్‌లో మైక్ జునీనో కూడా ఉన్నాడు, అతని గురించి చెప్పకపోతే అబద్ధం చెప్పినట్టే. 2012లో మూడో పిక్, ఏడాది తిరిగేసరికి మేజర్ లీగ్‌లో. 2014లో 22 హోమ్ రన్లు కొట్టాడు, కానీ సగటు .199, స్ట్రైక్ అవుట్లు (మూడు స్ట్రైక్‌లకి ఔటవడం) 158, వాక్‌లు 17 మాత్రమే. మరుసటి ఏడాది .174. తర్వాత 2021లో టాంపా బే తరఫున 33 హోమ్ రన్లతో ఆల్‌స్టార్ అయ్యాడు గానీ బంతికి బ్యాట్ సరిగ్గా తగిలించలేని బలహీనత కెరీర్ అంతా వదల్లేదు. తొందరపడి పైకి తేవడం వల్లే ఇలా అయిందని నేను నమ్ముతాను. అందుకే కిందికి పంపడం శిక్ష అని నేననుకోను, మైనర్స్‌లో రోజూ నాలుగుసార్లు బ్యాట్ పట్టే అవకాశం దొరుకుతుంది, తప్పు చేస్తే మర్నాడు పేపర్లో రాదు.

ప్రశ్న: మా అబ్బాయికి పదకొండేళ్లు. లిటిల్ లీగ్‌లో క్యాచర్. మొదట బాగా కొట్టేవాడు, ఈ సీజన్‌లో అస్సలు తగలడం లేదు. ఏడుస్తున్నాడు. పొజిషన్ మార్చమని అడగనా?

జవాబు: మార్చమని అడిగే ముందు, వాడు వారంలో ఎన్ని ఇన్నింగ్స్ క్యాచింగ్ చేస్తున్నాడో రాసి పెట్టుకోండమ్మా. పిల్లల టీమ్‌లలో క్యాచింగ్ ఇష్టపడేవాడు ఒక్కడే ఉంటాడు, అందుకని కోచ్ వాణ్ణే ప్రతి మ్యాచ్‌లో కూర్చోబెడతాడు. మోకాళ్లు అలిసిపోతే స్వింగ్‌లో కాళ్ల బలం రాదు, చేతులతోనే కొట్టబోతాడు, బంతి తగలదు. ఒక మ్యాచ్ క్యాచింగ్, ఒక మ్యాచ్ ఔట్‌ఫీల్డ్ అని కోచ్‌ని అడిగి చూడండి. పిచింగ్ కూడా చేయిస్తుంటే మాత్రం గట్టిగా మాట్లాడండి. నాలుగు ఇన్నింగ్స్ క్యాచింగ్ చేసిన పిల్లవాడు ఆ రోజు పిచింగ్ చేయకూడదని లిటిల్ లీగ్ నియమమే ఉంది.

ఇంట్లో ఎన్ని హిట్లు కొట్టావని అడగకండి. ఏ బంతులు వదిలేశావు, ఏవి గట్టిగా తగిలాయి అని అడగండి, గట్టిగా తగిలి ఫీల్డర్ చేతిలో పడ్డా సరే. కళ్ల పరీక్ష కూడా ఒకసారి చేయించండి, ఈ వయసులో చూపు మారడం మామూలే, పిల్లలు అది గుర్తుపట్టి చెప్పలేరు. క్యాచింగ్ అంటే వాడికి ఇంకా ఇష్టమేనా అన్నది మాత్రం వాడి నోటితోనే చెప్పనివ్వండి, కోచ్ ముందు కాకుండా.