తుపాకీ పట్టే మేనల్లుడికి: ఇంటి పనిముట్లు ఎంతవరకు?

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

తూటాల ఖర్చు భరించలేక, కాల్చిన కాట్రిడ్జ్‌లను ఇంట్లోనే తిరిగి నింపుకోవడానికి బాలానగర్ లేత్ షాపులో పనిముట్లు చేయించాలనుకుంటున్నట్టు రాశావు. ఆ ఆలోచన మానుకో. 1959 నాటి ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా మందుగుండు తయారుచేయడం నేరం. 2019 సవరణ తరువాత దానికి కనీస శిక్షే 7 ఏళ్లు. నీకున్నది తుపాకీ ఉంచుకునే లైసెన్సు మాత్రమే. పాత తూటానే నింపానన్న వాదన నిన్ను కాపాడుతుందనుకోకు.

చట్టాన్ని పక్కన పెట్టినా, తుపాకిమందు కొలవడానికి ఇంట్లో చేసిన గరిటెను నేను నమ్మను. తుపాకిమందు రకాన్ని బట్టి సాంద్రత మారుతుంది గనుక, ఒక మందుకు సరిపోయిన గరిటె మరొకదానికి ప్రాణాంతకమవుతుంది; నల్ల తుపాకిమందు (బ్లాక్ పౌడర్) కొలతతో పొగరాని మందు నింపితే పుట్టే ఒత్తిడికి గొట్టమే పగలవచ్చు.

నీ చేతినేర్పు చూపదలిస్తే గొట్టం తుడిచే కడ్డీ చేయించుకో. పన్నెండు బోరు (బోరు అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది) గొట్టం లోపలి వ్యాసం సుమారు 18.5 మిల్లీమీటర్లు కాబట్టి, గుడ్డ చుట్టడానికి చోటుండేలా టేకు కడ్డీని 14 మిల్లీమీటర్లకు నునుపుగా తీయించి, గొట్టం కంటే జానెడు పొడవు ఎక్కువ ఉంచు. ఇనుపకడ్డీ లోపలి నునుపును గీస్తుంది. తూటా పెట్టే వైపు నుంచే తుడువు. మసి తుపాకీ యంత్రంలోకి పోదు. వానాకాలంలో తోలు సంచి తేమను పట్టి ఉంచుతుంది, కనుక తుపాకీని అందులో దాచకు. పలుచగా రాసిన నూనెను కాల్చే ముందు పూర్తిగా తుడిచి, గొట్టంలోంచి వెలుగు కనబడుతోందో లేదో చూసుకో. పన్నెండు బోరు గొట్టంలోకి పొరపాటున జారిన ఇరవై బోరు తూటా లోపలే ఇరుక్కుంటుంది, దాని వెనక పన్నెండు బోరు తూటా పెట్టి కాలిస్తే గొట్టం చీలుతుంది. ఇరవై బోరు తూటాలు పసుపు రంగులో రావడానికి కారణం ఈ ప్రమాదమే.

గురి సాధనకు డమ్మీ తూటా కూడా చేసుకోవచ్చు. కాల్చిన ఖాళీ కాట్రిడ్జ్‌లోని పేలిన క్యాప్‌ను (మందును అంటించే అడుగు బిళ్లను) తీసి, ఆ గుంటలో పెన్సిల్ రబ్బరు ముక్కను బిగువుగా పెడితే ఫైరింగ్ పిన్ (క్యాప్‌ను కొట్టే సూది) దానిమీద మెత్తగా పడుతుంది. రబ్బరు గుంటపడగానే మార్చు. పక్కన ఇటునుంచి అటు పోయేలా రంధ్రం చేసి, ఎర్ర రంగు పూయి. అసలు తూటాలున్న పెట్టెలో మాత్రం ఎన్నడూ ఉంచవద్దు.

రాణిగంజ్‌లో మంచి టేకు కడ్డీ దొరికితే నాకూ ఒకటి తీసుకో.

మామయ్య